గడప మీది కుక్క

పదో శతాబ్దపు తొలి సంవత్సరాలలో బాగ్దాదు నగరంలో ఇబ్న్ అల్ మర్జుబాన్ అనే పండితుడు ఒక చిన్న పుస్తకం రాశాడు. పేరులోనే చురక ఉంది: బట్టలు కట్టుకుని తిరిగేవారిలో చాలామంది కంటే కుక్కలే మేలు అని ఆ పేరుకు అర్థం. కాలం చెడిపోయిందనీ, స్నేహం నశించిందనీ వాపోయిన ఒక మిత్రుడికి జవాబుగా ఆయన ఆ గ్రంథాన్ని సంకలించాడు. క్రీ.శ. 921లో గ్రంథకర్త మరణించాడు. వెయ్యేళ్లకు పైగా గడిచాక, 1978లో, జి. రెక్స్ స్మిత్, అబ్దెల్ హలీమ్ అనే ఇద్దరు పండితులు అరబిక్ మూలంతో పాటు దాని ఆంగ్లానువాదాన్ని వెలువరించారు.

అందులో బస్రా ప్రాంతపు కథ ఒకటి ఉంది. ఒకడు తన సోదరుడితోనూ, పొరుగువాడితోనూ కలిసి బయలుదేరాడు. వెంటపడిన కుక్కను వెనక్కి తరిమాడు. పోకపోతే రాయి విసిరి గాయపరిచాడు. అయినా అది వెంటే నడిచింది. దారిలో శత్రువులు మీదపడ్డారు. సోదరుడు పారిపోయాడు, పొరుగువాడూ పారిపోయాడు. దెబ్బలు తిన్న మనిషిని శత్రువులు గోతిలో పడేసి మట్టి కప్పి వెళ్లారు. కుక్క ఆ మట్టిని గోళ్లతో తవ్వి అతని తల బయటపడేలా చేసింది. ఊపిరి నిలిచింది. దారిన పోయేవారు చూసి అతన్ని పైకి లాగారు. ఆ కుక్క ఏ జాతిదో కథలో లేదు. అడగాలని ఎవరికీ తోచలేదు.

బస్రా నుండి నేటి కువైట్ నగరం దక్షిణంగా సుమారు 130 కిలోమీటర్లు. ఆ కథ పుట్టిన నేలకూ, నేటి కువైట్‌లో ఎవరి ఇంటి తలుపు దగ్గరో ముడుచుకుని పడుకునే మిశ్రమజాతి కుక్కకూ మధ్య ఒక పొడవైన చరిత్ర ఉంది. కుక్క ఇంట్లోకి రావచ్చునా అన్న ప్రశ్నకు ఆ చరిత్రలో మూడు రకాల జవాబులు దొరుకుతాయి. మతం ఒకటి చెప్పింది. వంశం మరొకటి చెప్పింది. వలస చెప్పిన మూడో జవాబు ఇప్పుడిప్పుడే వినబడుతోంది.

బస్రా రచయితల్లో అగ్రగణ్యుడు అల్ జాహిజ్. క్రీ.శ. 868-869 ప్రాంతంలో మరణించిన ఈ మహా గద్యకారుడు "కితాబ్ అల్ హయవాన్" అనే బృహద్గ్రంథం రాశాడు. జంతువుల గురించిన ఆ గ్రంథంలో మొదటి భాగాలను పెద్ద వాగ్వివాదం ఆక్రమిస్తుంది: కుక్క గొప్పదా, కోడిపుంజు గొప్పదా? ఒకడు కుక్క పక్షం, ఇంకొకడు కోడి పక్షం. కుక్కను నిందించేవాడి ప్రధాన ఆరోపణ చాలా సూక్ష్మమైనది. కుక్క పూర్తిగా క్రూరమృగమూ కాదు, పూర్తిగా సాధుజంతువూ కాదు. రెండింటినీ కలిపి చేసిన సృష్టిలా ఉంటుంది కనుక దానికి నిలకడైన స్వభావం లేదని అతడి వాదన. అంటే ఆ వాది దృష్టిలో కుక్కలన్నీ సంకరమే. మిశ్రమం అనేది ఒక కుక్కకున్న లోపం కాదు, కుక్కతనమే మిశ్రమం. కుక్క పక్షం వహించినవాడు ఈ మధ్యస్థ స్థితినే దాని గొప్పతనంగా చూపుతాడు. అడవి శక్తిని ఇంటి కాపలాకు తెచ్చినది అదొక్కటే కదా అని.

మతగ్రంథాల్లోనూ కుక్క ఉన్న చోటు ఇలాంటి మధ్యస్థానమే. ఖురాన్ పద్దెనిమిదో అధ్యాయంలో గుహలో దీర్ఘనిద్రలో మునిగిన విశ్వాసుల కథ వస్తుంది. వారితో పాటు ఒక కుక్క, ముందు కాళ్లు చాపుకుని గుహ గడప దగ్గర పడుకుని ఉంటుంది. లోపలా కాదు, బయటా కాదు. ఐదో అధ్యాయంలో, శిక్షణ పొందిన వేటజంతువులు పట్టి తెచ్చిన ఆహారం తినదగినదేనన్న అనుమతి ఉంది. శిక్షకులకు అక్కడ వాడిన మాటే కుక్కను సూచించే "కల్బ్" అన్న ధాతువు నుండి పుట్టింది. హదీసులు వేటకూ, మందకూ, పొలానికీ కుక్కను ఉంచుకోవడాన్ని అనుమతించాయి. ఊరికే పెంచుకుంటే పుణ్యం రోజురోజుకూ కొంత తరుగుతుందని హెచ్చరించాయి. దాహంతో అల్లాడుతున్న కుక్కకు బావిలో దిగి చెప్పుతో నీళ్లు తోడి పోసినవాడి పాపాలు క్షమింపబడ్డాయని చెప్పినవీ అవే హదీసులు.

కువైట్ విషయంలో పైపైన చూసేవారు గమనించని సంగతి ఒకటుంది. ఇస్లామీయ ధర్మశాస్త్ర సంప్రదాయాలన్నీ కుక్కను ఒకేలా చూడవు. షాఫిఈ, హంబలీ సంప్రదాయాలు కుక్క మొత్తాన్నీ అశుచిగా లెక్కిస్తాయి. హనఫీలు దాని లాలాజలం మాత్రమే అశుచి అంటారు. మాలికీ సంప్రదాయం ప్రాణమున్న ఏ జంతువూ అశుచి కాదంటుంది. కుక్క మూతిపెట్టిన పాత్రను ఏడుసార్లు కడగడం ఆజ్ఞాపాలన మాత్రమే, అశుచిని తొలగించడం కాదని మాలికీల వివరణ. కువైట్ సున్నీలలో పాత కుటుంబాలు అధికంగా అనుసరించినది ఈ మాలికీ సంప్రదాయాన్నే. 1984 నాటి కువైట్ కుటుంబ చట్టానికీ ప్రధానమైన ఆధారం అదే. కాబట్టి కుక్క గడప దాటకపోవడానికి మతమొక్కటే కారణమని తేల్చేస్తే చరిత్రకు న్యాయం చేసినట్టు కాదు.

అసలు గీత ఎక్కడ గీశారో తెలియాలంటే ఎడారి గుడారంలోకి వెళ్లాలి. బదూల గుడారంలో రెండు రకాల కుక్కలుండేవి. మొదటిది సలూకీ: సన్నని నడుము, పొడవైన కాళ్లు, చూపుతో వేటాడే కుక్క. దాన్ని "హుర్" అనేవారు, అంటే కులీనం, స్వేచ్ఛాయుతం. దాన్ని "కల్బ్" అని పిలవడమే అమర్యాద. గుడారంలో నీడన పడుకునేది, ఆడవాళ్ల చేతి తిండి తినేది, ఎండలో కాళ్లు కాలకుండా ఒంటె మీద ప్రయాణం కూడా చేసేది. రెండోది మందను, గుడారాన్ని కాపలా కాసే మోటు కుక్క. పేరు లేదు, వంశం లేదు. దాని చోటు గుడారం తాళ్లకు అవతల. రెండూ ఒకే ఇంటి ప్రాణాన్నీ, తిండినీ కాపాడినవే. ఒకటి లోపల, ఒకటి బయట.

ఆ గుడారాల జీవితాన్ని వివరంగా నమోదు చేసినవారిలో హెచ్. ఆర్. పి. డిక్సన్ ముఖ్యుడు. 1929 నుండి 1936 దాకా కువైట్‌లో బ్రిటిష్ పొలిటికల్ ఏజెంటుగా ఉన్న ఆయన 1949లో "ది అరబ్ ఆఫ్ ది డెజర్ట్" అన్న పెద్ద గ్రంథం ప్రచురించాడు. భార్య వయొలెట్ డిక్సన్ 1971లో "ఫార్టీ ఇయర్స్ ఇన్ కువైట్" రాసింది. ఎడారి పూల మీద ఆమెకున్న శ్రద్ధకు గుర్తుగా ఒక మొక్క శాస్త్రనామంలో ఆమె పేరు నిలిచింది. సముద్రపు ఒడ్డున వారు నివసించిన ఇల్లు నేడు సాంస్కృతిక కేంద్రం. ఈ దంపతుల కాలంలోనే ఎడారి కుక్క వంశానికి ఒక విచిత్రమైన మలుపు వచ్చింది. అయితే అది కువైట్‌లో కాక లండనులో జరిగింది.

1895లో ఫ్లోరెన్స్ ఆమ్హర్స్ట్ అనే ఆంగ్ల వనిత సలూకీలను ఇంగ్లండుకు తెప్పించుకుంది. మొదటి ప్రపంచయుద్ధం తరువాత మధ్యప్రాచ్యం నుండి తిరిగి వచ్చిన సైనికాధికారులు మరికొన్ని తెచ్చారు. 1923లో బ్రిటిష్ కెన్నెల్ క్లబ్ సలూకీని ఒక జాతిగా గుర్తించింది. అప్పటి నుండి వంశావళి పుస్తకంలో పేరున్నదే సలూకీ. అంతకు ముందు బదూ వేటగాడు తల్లిదండ్రుల పరుగును గుర్తుపెట్టుకుని కుక్కలను జతకట్టేవాడు. అతని రికార్డు జ్ఞాపకం. అతని పరీక్ష వేట. నున్నని బొచ్చు, ఈక చెవులు, ఎత్తు, పొట్టి, ఏవైనా సరే, కుందేలును పట్టగలిగితే అది హుర్. లండను పుస్తకం జ్ఞాపకాన్ని కాగితంగా మార్చింది, వేటను అందాల పోటీగా మార్చింది. మధ్యయుగపు జంతుశాస్త్రంలో సలూకీ నక్కకూ కుక్కకూ పుట్టిందన్న కథ కూడా ఉంది. గ్రీకుల వేటకుక్కల గురించి అరిస్టాటిల్ చెప్పిన మాటే అరబిక్‌లోకి వచ్చి సలూకీకి అంటుకుంది. అది జీవశాస్త్రంగా తప్పు. అయితే ఇప్పుడు శుద్ధజాతికి ప్రతీకగా చూసే కుక్కను ఒకప్పటి పండితులు సంకరజాతిగా నమ్మారు. శుద్ధమూ సంకరమూ రక్తంలో కంటే రాతలో ఎక్కువ ఉంటాయనడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కరలేదు.

మనుషుల లెక్కను జంతువుల లెక్కతో పోల్చడం తగదు. అయినా ఆ కాలపు ఆలోచన తీరు గమనించదగినది. కువైట్ 1959 నాటి పౌరసత్వ చట్టం, 1920కి ముందు నుండి అక్కడ స్థిరపడినవారిని మూలపౌరులుగా నిర్వచించింది. ఆ గీతకు ఇవతల పడినవారిలో కొందరు ఈనాటికీ ఏ పౌరసత్వమూ లేని "బిదూన్"లుగా మిగిలారు. ఎడారిలో నోటిమాటగా సాగిన బంధుత్వాలు ఆఫీసు కాగితాలుగా మారిన యుగం అది. ఎవరు లోపల, ఎవరు బయట అన్నది కాగితం చెప్పసాగింది.

పాత కువైట్ పట్టణం ముత్యాల వేటకూ, పడవ వ్యాపారానికీ నిలయం. మట్టిగోడల ఇళ్లు, మధ్యలో ముంగిలి, చుట్టూ 1920లో కట్టిన ప్రాకారం. ఇంటి మేకలను పొద్దున్నే కాపరి వచ్చి తోలుకుపోయేవాడు. వేట లేని, పొలం లేని ఆ ఇంట్లో కుక్కకు పని లేదు. 1946లో చమురు ఎగుమతి మొదలైంది. 1957లో ప్రాకారాన్ని కూల్చారు. చమురు కంపెనీ ఉద్యోగుల కోసం అహ్మదీలో తోటలున్న బంగళాలు లేచాయి. తరువాత సాల్మియా, ఫర్వానియా, జలీబ్ వంటి పేటల్లో అద్దె అపార్టుమెంట్లు నిండాయి. నేడు దేశ జనాభాలో మూడింట రెండు వంతులకు పైగా విదేశీయులే. వారిలో భారతీయులది పెద్ద సంఖ్య. విదేశీయుల ఫ్లాట్లలోకి కుక్క మెల్లగా అడుగుపెట్టింది. వేటకు కాదు, మందకు కాదు, తోడు కోసం. కులీనమైన సలూకీ కాదు, వీధిలోనో, ఎడారి అంచునో దొరికిన పిల్ల. సలూకీ ఛాయ కొంత, కాపలా కుక్క ఛాయ కొంత, ఎవరో వదిలేసి వెళ్లిన విదేశీ జాతి ఛాయ కొంత.

ఎవరో వదిలేసి వెళ్లడం అన్నది ఈ చరిత్రలో చిన్న మాట కాదు. 1990 ఆగస్టు 2న ఇరాక్ సేనలు కువైట్‌లో ప్రవేశించాయి. అప్పుడక్కడున్న సుమారు 1,70,000 మంది భారతీయులలో అత్యధికులు బస్రా, బాగ్దాదుల మీదుగా బస్సులలో జోర్డాన్ సరిహద్దు చేరి, అమ్మాన్ నుండి విమానమెక్కారు. 59 రోజుల్లో 488 విమానాలు నడిచాయి. కడప, గోదావరి జిల్లాల ఇళ్లకు చేతిసంచితో చేరినవారు ఎందరో. జీవితకాలపు సంపాదననే వదిలి వచ్చిన బస్సులో జంతువుకు చోటెక్కడిది? ఆ ఏడు నెలల్లో ఒమరియాలోని జంతుప్రదర్శనశాల దాదాపు శ్మశానమైంది. జంతువులు ఆకలితోనూ, తూటాలతోనూ చచ్చాయి, కొన్నింటిని సైనికులు తినేశారు. 1991 ఫిబ్రవరి చివర విముక్తి లభించాక అంతర్జాతీయ జంతుసంరక్షకుడు జాన్ వాల్ష్ అక్కడికి వెళ్లి మిగిలిన కొద్దింటిని బతికించే ప్రయత్నం చేశాడు. జంతుశాల జీవుల కథ పత్రికలకెక్కింది. ఇళ్ల ముందు వదిలిన కుక్కల కథను లెక్కకట్టినవారు లేరు.

ఇలాంటి మిశ్రమజాతి కుక్కను చేరదీసిన ఇంటికి చరిత్ర ఏం నేర్పుతుంది? మొదటిది, వైద్యుడికి వంశం గౌరవచిహ్నం కాదు, రోగి పూర్వచరిత్రలో ఒక భాగం. సలూకీ వంటి వేటకుక్కల ఒంట్లో కొవ్వు తక్కువ, కొన్ని మందులను కాలేయం నెమ్మదిగా విరుస్తుంది. అందుకే థయోపెంటాల్ వంటి పాత మత్తుమందుల నుండి అవి ఆలస్యంగా తేరుకుంటాయి. ఎడారి కుక్కలో ఆ పోలిక కనబడితే శస్త్రచికిత్సకు ముందే పశువైద్యుడికి గుర్తుచేయడం మంచిది. రెండోది, సంకరజాతికి రోగాలే రావన్న నమ్మకం సగం నిజం. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు డేవిస్ పశువైద్యశాల రికార్డుల ఆధారంగా 2013లో వెలువడిన అధ్యయనం 27,000కు పైగా కుక్కల్లో 24 వంశపారంపర్య వ్యాధులను పోల్చింది. పది వ్యాధులు శుద్ధజాతుల్లో ఎక్కువ. పదమూడింటిలో తేడా లేదు. మోకాటి స్నాయువు తెగడం ఒక్కటి మాత్రం మిశ్రమజాతుల్లోనే ఎక్కువ. స్వభావం సంగతి మరీ స్పష్టం. 2022లో "సైన్స్" పత్రికలో వచ్చిన విస్తృత పరిశోధన ప్రకారం, కుక్కల ప్రవర్తనలోని తేడాలలో జాతి వివరించగలిగేది సుమారు 9 శాతం మాత్రమే. జాహిజ్ గ్రంథంలోని వాది సంకరానికీ నిలకడలేమికీ వేసిన ముడి పదకొండు వందల ఏళ్లకు పైగా గడిచాక ఇలా వీడింది.

ఇక ఎండ. 2016 జులై 21న కువైట్‌లోని మిత్రిబాలో 53.9 డిగ్రీలు నమోదయ్యాయి. కుక్కకు మనిషిలా ఒళ్లంతా చెమట పట్టదు. నాలుక చాపి రొప్పడమే దాని చల్లదనం. గాలే వేడిగా ఉంటే ఆ ఉపాయం పనిచేయదు. జూన్ నుండి ఆగస్టు దాకా పగలు పదకొండు నుండి నాలుగు వరకు ఆరుబయట పనులను ఆ దేశమే నిషేధిస్తుంది. మనిషికి పనికిరాని ఆ గంటలు కుక్కకూ పనికిరావు. నడక తెల్లవారుజామునో, బాగా పొద్దుపోయాకో. అరచేతి వెనుక భాగం నేలకు ఆనించి కొన్ని సెకన్లు ఉంచలేకపోతే దాని పాదాలనూ అక్కడ పెట్టనీయకూడదు. బదూలు సలూకీని ఒంటె మీద ఎక్కించుకున్నది గారాబం కొద్దీ కాదు. పురుగులు, పిడుదులు, వాటి ద్వారా వచ్చే రక్తజ్వరాలు, ఏటేటా రేబీస్ టీకా, ఇవన్నీ ఆ ఇంటి పంచాంగంలో ఉండవలసినవే. తెలుగువారికి కుక్కకాటు అనగానే బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు గుర్తుకొస్తాయి. గొర్రె మెదడు నుండి తీసిన ఆ పాత టీకాను భారతదేశం 2005 నాటికి వదిలేసింది. భయం మాత్రం ఇంకా వదలలేదు. ఇంటి కుక్కకు టీకా వేయించడమే ఆ భయానికి సరైన మందు.

ఈ సేవ అంతా చేసేది ఎవరు? స్థోమత ఉన్న ఇళ్లలో చాలా సార్లు యజమాని కాదు, ఇంటిపని వీసా మీద వచ్చిన మనిషి. రాయచోటి, రాజంపేట ప్రాంతాల నుండి, గోదావరి జిల్లాల నుండి "ఖద్దామా"గా వెళ్లిన తెలుగు స్త్రీలకు ఈ పని కొత్తది. ఊళ్లో కుక్క అంటే గ్రామసింహం. వాకిట్లో పారేసిన అన్నం తిని వీధంతా కాపలా కాసేది, ఎవరిదీ కానిది, అందరిదీ అయినది. ఇక్కడ దానికి గిన్నె వేరు, దువ్వెన వేరు, వేళ వేరు. ఆ వీసా మీద ఉన్నవారు తమ పిల్లలను వెంట తెచ్చుకోలేరు. కన్నబిడ్డను ఫోను తెరలో చూస్తూ, పరాయి ఇంటి కుక్కకు స్నానం చేయించే చేతుల గురించి ఏ ప్రయాణికుడి పుస్తకమూ రాయలేదు. 2015లో కువైట్ తెచ్చిన 68వ నంబరు చట్టం ఇంటిపనివారికి వారానికొక సెలవు రోజునూ, రోజుకు 12 గంటల పనిపరిమితినీ, జీతంతో కూడిన వార్షిక సెలవునూ ప్రకటించింది. తెల్లవారుజాము నడక, అర్ధరాత్రి నడక ఆ పన్నెండు గంటల్లో లెక్కకు వస్తాయా అన్నది కుక్కను ప్రేమించే ఇల్లు తనను తాను వేసుకోవలసిన ప్రశ్న. ఒక ప్రాణి మీద దయ మరొక ప్రాణి విశ్రాంతిని తినేస్తే దాన్ని దయ అనలేము.

కువైట్‌లో విదేశీయుడు ఎన్నేళ్లున్నా అతిథే. ఉద్యోగం పోతే ఇఖామా పోతుంది, ఇఖామా పోతే ఇల్లు పోతుంది. అతిథి మరొకరికి ఆశ్రయమిస్తే, ఆ ఆశ్రయం వయస్సు వీసా వయస్సే. కుక్క బతికేది పదీ పదిహేనేళ్లు. అందుకే అక్కడ కుక్కను పెంచడంలో అసలైన పరీక్ష తెచ్చుకున్న రోజున రాదు, వెళ్లే రోజున వస్తుంది. నివాసం మార్చుకుని భారతదేశానికి వచ్చేవారు తమతో రెండు పెంపుడు జంతువులను తెచ్చుకోవచ్చు. అందుకు ముందస్తు అనుమతి పత్రం, రేబీస్ టీకా పత్రం, పశువైద్యుని ఆరోగ్య ధ్రువపత్రం ఉండాలి. హైదరాబాదు సహా కొన్ని విమానాశ్రయాలలో మాత్రమే దిగాలి. ఈ కాగితాలు వారంలో పుట్టవు. వంశావళి లేని కుక్కకు కూడా కాగితం కావాలి. ఈ కాగితం దాని పుట్టుకను అడగదు, ఆరోగ్యాన్నీ, బాధ్యత వహించే మనిషి పేరునూ మాత్రమే అడుగుతుంది. లండను వంశావళి పుస్తకం కంటే ఇది మేలైన కాగితం.

తిక్కన తెనిగించిన మహాప్రస్థానిక పర్వంలో ధర్మరాజు ఇంద్రుడి రథం ముందు నిలబడతాడు. కుక్కలను ఉంచుకునేవారికి స్వర్గంలో చోటు లేదంటాడు ఇంద్రుడు. తమ్ములూ, భార్యా పడిపోయినా ఆగని రాజు, వెంట వచ్చిన కుక్కను వదలమంటే ఆగిపోతాడు. ఆశ్రయించినదాన్ని విడవడం పాపమని అతడి పట్టు. అక్కడా ఆ కుక్క జాతి ఎవరూ అడగలేదు.

గుహలో నిద్రించినవారి కథకు చివర ఒక తగవు ఉంది. వారు ఎందరని? ముగ్గురు, నాలుగోది కుక్క అన్నారు కొందరు. ఐదుగురు, ఆరోది కుక్క అన్నారు ఇంకొందరు. ఏడుగురు, ఎనిమిదోది కుక్క అన్నారు మరికొందరు. మనుషుల సంఖ్య దగ్గర ఎవరికీ పొత్తు కుదరలేదు. ఏ లెక్కలోనూ కుక్కను మాత్రం వదిలేయలేదు. కువైట్ నుండి ఇంటికి మరలే కుటుంబం విమానం టికెట్లు లెక్కపెట్టుకునే రాత్రి, గడప మీద ముందుకాళ్లు చాపుకుని ఒక ప్రాణి వారి వైపు చూస్తూ పడుకుని ఉంటుంది. ఆ లెక్కలో అది ఎన్నోది?